ఏడ్రియాటిక్ తీరంలో కారు ప్రయాణం గురించి

సంపాదకులకు,

అయ్యా,

ఐరోపాలో సొంతంగా కారు నడుపుకొంటూ నగరాలనూ సముద్రతీర పట్టణాలనూ చూసి రావడం గురించి గత ఆదివారం మీ పత్రిక పర్యాటక పుటల్లో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాసం ఉత్సాహంగా సాగింది, బొమ్మలు కూడా బాగున్నాయి. అయితే పది రోజుల్లో ఎన్ని దేశాలు చుట్టవచ్చో, ఏ రహదారి మీద ఎంత వేగంగా పోవచ్చో చెప్పినంత వివరంగా, ఆ కారును ఏ ఊరి బయట ఎక్కడ వదిలిపెట్టి నడవాలో ఆ వ్యాసం చెప్పలేదు. నేను రోడ్లు, భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నందువల్ల, వారితో కలిసి ఆస్ట్రియా, స్లొవేనియాల మీదుగా క్రొయేషియా దక్షిణపు కొసన ఉన్న దుబ్రోవ్నిక్ దాకా కారులో వెళ్లి వచ్చే అవకాశం నాకు కలిగింది. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కనుక, వారిని చూడబోయే తల్లిదండ్రుల్లో ఈ దారి పట్టేవారు ఇకమీద పెరుగుతారే గాని తగ్గరు. అందుకే ఆ వ్యాసానికి అనుబంధంగా ఈ లేఖ రాస్తున్నాను.

ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరాన ఉన్న పాత పట్టణాలన్నీ ఓడలను నమ్ముకుని పుట్టినవి. వెనిస్ పాలనలో ఉన్న ఊళ్లయినా, స్వతంత్రంగా నిలిచిన దుబ్రోవ్నిక్ అయినా, ఓడరేవును ముంగిటగా చేసుకుని, కొండల వైపు గోడ కట్టుకుని, లోపల మిగిలిన కొద్దిపాటి చోటులో ఇల్లు మీద ఇల్లు కట్టుకున్నాయి. రెండు గాడిదలు ఎదురుపడితే ఒకటి పక్కకు ఒదగవలసిన వీథులవి. వాటిలోకి కారు వెళ్లలేదు, వెళ్లగలిగినా ఆ ఊరివారు వెళ్లనివ్వరు. ఒక ఊరినుంచి మరో ఊరికి చేరడానికి కారును మించిన సాధనం ఆ తీరంలో లేదు. ఊరు చేరిన మరుక్షణం ఆ కారే పెద్ద బరువు. ఈ సంగతి ముందే గ్రహించి, ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్నది పక్కనబెట్టి ఎక్కడెక్కడ ఆగాలన్నది నిర్ణయించుకున్నవారికే ఆ ప్రయాణం సుఖంగా జరుగుతుందని నా అభిప్రాయం.

ముందుగా కాగితాల సంగతి చెప్పాలి. క్రొయేషియా 2023 జనవరి 1న, ఐరోపా దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలను ఎత్తేసుకున్న షెంగెన్ ఒప్పందంలోనూ, యూరో నాణెం వాడే దేశాల సరసనా ఒకేసారి చేరింది. అంతకుముందు ఈ దారిలో స్లొవేనియా సరిహద్దు దాటగానే పాస్‌పోర్టు మీద ముద్ర పడేది, డబ్బును కూనాల్లోకి మార్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు మ్యూనిక్ నుంచి దుబ్రోవ్నిక్ దాకా ఒకే వీసా, ఒకే నాణెం సరిపోతాయి. ఆ వీసాను ఏ దేశంనుంచి తీసుకోవాలన్న దానికి కూడా స్పష్టమైన నియమం ఉంది. విమానం దిగేది మ్యూనిక్‌లోనే అయినా, ఎక్కువ రాత్రులు గడిపేది క్రొయేషియాలో అయితే క్రొయేషియాకే దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు చోట్లా సమానంగా ఉండేటట్లయితే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టుకోవాలి. సరిహద్దుల్లో గేట్లు ఎత్తేశారు గదా అని పాస్‌పోర్టులను పెట్టె అడుగున పెట్టి వెళ్లరాదు. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, స్లొవేనియాలు ఇటీవలి సంవత్సరాల్లో తాత్కాలిక తనిఖీలను తిరిగి ప్రవేశపెట్టి, వాటిని పొడిగిస్తూ వస్తున్నాయి. మన ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది, దాని పక్కన అసలు లైసెన్సు కూడా ఉండాలి. జర్మనీలో స్థిరపడిన పిల్లలకు మాత్రం వేరే నియమం ఉంది. అక్కడ నివాసం ఏర్పరచుకున్న ఆరు నెలల తరువాత మన లైసెన్సు మీద బండి నడపడానికి వీల్లేదు, జర్మన్ లైసెన్సు తీసుకుని తీరాలి. ఈ సంగతి తెలియక అమ్మానాన్నలు వస్తున్నారన్న ఉత్సాహంలో కారు అద్దెకు తీసుకునే కుర్రవాళ్లు ఉన్నారు. ప్రమాదమేదైనా జరిగితే బీమా విషయంలో చిక్కుల్లో పడేది వారే.

రుసుముల విషయంలో దారి పొడవునా ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. జర్మనీలో కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియాలోనూ స్లొవేనియాలోనూ ఇన్ని రోజులకని ముందే విన్యెట్ అనే రోడ్డు రుసుము చీటీ కొనుక్కోవాలి. స్లొవేనియాలో అది అద్దానికి అతికించే చీటీ కూడా కాదు, బండి నంబరు పేరిట నమోదయ్యే లెక్క మాత్రమే, కెమెరాలు దానిని చూసుకుంటాయి. పైగా ఆల్ప్స్ పర్వతాలను దాటే టావెర్న్ మార్గానికి, ఆస్ట్రియా, స్లొవేనియాల మధ్య ఉన్న దాదాపు ఎనిమిది కిలోమీటర్ల కారవాంకెన్ సొరంగానికి విడిగా చెల్లించాలి. క్రొయేషియాలో మన టోల్‌గేట్ల మాదిరిగా ప్రవేశించేచోట టికెట్టు తీసుకుని, దిగేచోట దూరాన్నిబట్టి కడతారు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని ఒక గంటలో చక్కబెట్టుకోదగిన పనులే. చక్కబెట్టుకోలేనిది శనివారం రద్దీ ఒక్కటే. జులై, ఆగస్టు నెలల్లో అక్కడి బస ఇళ్లన్నీ శనివారం నుంచి శనివారానికి వారం లెక్కన మారతాయి కనుక, దక్షిణ జర్మనీ అంతా అదే రోజున సముద్రానికి బయలుదేరుతుంది, అంతకుముందు వారం వెళ్లినవారంతా అదే రోజున తిరిగి వస్తారు. సొరంగం ముందు బండ్లను కొంతసేపు నిలిపి, కొన్ని కొన్నిగా వదలడం మామూలే. మంగళవారమో బుధవారమో బయలుదేరితే ఈ బాధ ఉండదు.

స్లొవేనియాకు ఉన్న సముద్రతీరం మొత్తం 46 కిలోమీటర్లు. ఆ చిన్న తీరంలో పిరాన్ అనే ఊరు సముద్రంలోకి చొచ్చుకుపోయిన ముక్కు మీద ఉంటుంది. బయటివారి కార్లు ఊరికి ముందే ఆగిపోవాలి. ఫోర్నాచె అనే చోట ఉన్న బహుళ అంతస్తుల పార్కింగులో బండి పెడితే, అక్కడినుంచి నడి ఊళ్లో ఉన్న తార్తీని కూడలికి ఉచిత బస్సు తీసుకుపోతుంది. ఆ కూడలికి 1692లో ఆ ఊళ్లోనే పుట్టిన వయొలిన్ విద్వాంసుడు జుసెప్పె తార్తీని పేరు పెట్టారు. ఒకప్పుడు అది చిన్న రేవు, పూడ్చి మైదానం చేశారు. అంత విశాలమైన చోటును కార్లకు ఇచ్చి ఉంటే వందల బండ్లు పట్టేవి. ఇవ్వలేదు కనుకనే సాయంత్రం పిల్లలు అక్కడ బంతి ఆడుకుంటున్నారు, ముసలివారు బల్లల మీద కూర్చుని ఉన్నారు. వృత్తిరీత్యా నన్ను ఆకట్టుకున్నది ఆ నిషేధం కన్నా దానికి ముందు చేసిన ఏర్పాటు. బండి పెట్టుకోవడానికి చోటు, అక్కడినుంచి రావడానికి బస్సు, ఈ రెండూ చూపించిన తరువాతే లోపలికి రావద్దన్నారు. ఊరి దక్షిణాన ఉన్న సెచొవ్లే ఉప్పు మడులను కూడా చూడాలని చెబుతాను. మడి అడుగున నాచుపొరను పెంచి, ఉప్పులో మట్టి కలవకుండా చూసుకునే శతాబ్దాల నాటి పద్ధతిని అక్కడ నేటికీ పాటిస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా నౌపడ ప్రాంతంలో ఉప్పు పండించేవారు చూస్తే ఎంతో ఆసక్తిగా ప్రశ్నలు అడిగి ఉండేవారు.

ఇస్త్రియా ద్వీపకల్పంలో పూలా, రోవిన్ ఊళ్ల గురించి మీ వ్యాసంలోనే ఉంది కనుక ఎక్కువ రాయను. రోవిన్ ఒకప్పుడు ద్వీపం. 1763లో మధ్యనున్న కాలువను పూడ్చి ఒడ్డుతో కలిపారు. పూలాలో క్రీస్తుశకం మొదటి శతాబ్దినాటి రోమన్ క్రీడాప్రాంగణపు బయటి గోడ దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది, దాని చుట్టూ కారులో ప్రదక్షిణం చేసి వెళ్లిపోయేవారిని చూస్తే జాలి వేసింది. ఓపాతియా గురించి మాత్రం వ్యాసంలో లేకపోవడం లోటే. ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్య కాలంలో ధనికుల శీతకాలపు విడిది అది. వొలోస్కో నుంచి ఓపాతియా మీదుగా లోవ్రాన్ దాకా సముద్రపు అంచునే 12 కిలోమీటర్ల నడక దారి వేశారు. 19వ శతాబ్దం చివర మొదలైన ఆ పని మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పూర్తయింది. పెద్ద పెద్ద భవంతులకూ సముద్రానికీ మధ్యగా ఆ దారి ఎక్కడా తెగకుండా సాగుతుంది. క్రొయేషియా చట్టం ప్రకారం సముద్రపు ఒడ్డు ఎవరి సొంత ఆస్తీ కాదు, అది ప్రజలందరిది. హోటలువారు కుర్చీలూ గొడుగులూ వేసుకోవడానికి అనుమతి పొందవచ్చుగాని, ఒడ్డును కొనుక్కోవడానికి వీల్లేదు.

రియెకా దాటిన తరువాత మొదలయ్యే తీర రహదారిని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి. దానిని అక్కడివారు యాద్రాన్‌స్కా మాగిస్త్రాలా అంటారు. 600 కిలోమీటర్లకు పైబడిన ఆ రహదారి యుగొస్లావియా కాలంలో, 1960ల మధ్య నాటికి పూర్తయింది. ఎడమపక్క వెలెబిత్ పర్వతశ్రేణి, కుడిపక్క సముద్రం, మధ్యలో సున్నపురాతి కొండను చెక్కి తీసిన రెండు వరసల దారి. మన అనంతగిరి ఘాట్ రోడ్డును తీసుకుపోయి సముద్రపు ఒడ్డున వందల కిలోమీటర్లు పరిచినట్టు ఉంటుందని చెబితే విశాఖ, అరకు ప్రాంతాల పాఠకులకు వెంటనే అర్థమవుతుంది. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కనుక దక్షిణానికి పోయేటప్పుడు మనం సముద్రపు అంచున ఉంటాం, తిరిగి వచ్చేటప్పుడు కొండ పక్కన ఉంటాం. చూడదలచుకున్నవారు పోయేటప్పుడు ఈ దారిన పోవాలి. ఆగి చూడడానికి రోడ్డు వెడల్పు చేసిన చోట్లన్నీ ఎదురు వరసను దాటే పనిలేకుండా చేతికందుతాయి. లోయ అంచున నడపడానికి భయపడేవారు మాత్రం పోయేటప్పుడు పర్వతం వెనుకగా వెళ్లే ఏ1 మోటారు మార్గంలో పోయి, వచ్చేటప్పుడు ఈ దారిన రావడం మంచిది. ఏ1 మార్గంలోనూ ఒక విశేషం ఉంది. స్వేతి రోక్ అనే 5.7 కిలోమీటర్ల సొరంగంలోకి చల్లని, పచ్చని అడవి ప్రాంతంనుంచి ప్రవేశించి, అవతలి కొసన బోడి రాళ్లూ ఎండా ఉన్న సముద్రపు సీమలోకి వస్తాం.

ఆ తీరంలో బూరా అనే గాలి ఉంది. వెలెబిత్ అవతల పేరుకున్న చల్లని గాలి కొండ కనుమల్లోంచి ఒక్కసారిగా సముద్రం మీదికి దొర్లిపడడమే బూరా. సెన్ అనే ఊరి దగ్గర, మాస్లెనిత్సా వంతెన దగ్గర దాని ఉధృతి ఎక్కువ; గంటకు 200 కిలోమీటర్లు మించిన విసురులు కూడా నమోదయ్యాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును కళ్లారా చూసిన విశాఖవాసిగా ఒక తేడా చెప్పాలి. తుపాను రోజుల ముందే వార్త పంపి, నల్లని మేఘంతో, వానతో వస్తుంది. బూరా నిర్మలమైన నీలాకాశం కింద, ఎండలో కూడా వీస్తుంది కనుక కొత్తవారికి ప్రమాదమని తోచదు. గాలి పెరిగేకొద్దీ ముందు ద్విచక్ర వాహనాలను, తరువాత ఎత్తయిన బస్సులనూ లారీలనూ, చివరికి అన్ని బండ్లనూ ఆపేస్తారు. రోడ్డు పక్కన గాలిసంచి గుర్తున్న హెచ్చరిక ఫలకాలు ఉంటాయి, బయలుదేరే ముందు అక్కడి మోటారు సంఘం ప్రకటించే రోడ్ల పరిస్థితిని చూసుకోవడం తప్పనిసరి. చలికాలంలో దీని బలం మరీ ఎక్కువ. వేసవిలోనూ పూర్తిగా విడిచిపెట్టదు. విమానం టికెట్లు కొనుక్కున్నాం గదా అని ఆ రోజుకు ఆ ఊరు చేరి తీరాలనుకునే ప్రయాణ పట్టికలు ఈ తీరంలో పనికిరావని చెప్పడానికి ఈ ఒక్క గాలి చాలు.

నడిపే తీరులో కూడా మనవారు గమనించవలసినవి ఒకటి రెండున్నాయి. గుర్తులేమీ లేని చిన్న కూడలిలో కుడిపక్కనుంచి వచ్చే బండికి దారి వదలాలి. తెల్లని అంచుతో పసుపురంగు వజ్రాకారపు ఫలకం కనబడుతున్న రోడ్డు మీద మాత్రం మనదే ముందు. హారన్ మీద చెయ్యి వేయవలసిన అవసరం రాదు. పెట్రోలు బంకులో కొట్టేవారు ఎవరూ ఉండరు, మనమే నింపుకుని లోపలికి పోయి పంపు నంబరు చెప్పి డబ్బు కట్టాలి. పార్కింగు గడువు దాటితే అద్దానికి చీటీ ఉంటుంది, ఊరు దాటిపోయాం గదా అనుకోవడానికి లేదు, అద్దె కార్ల సంస్థల ద్వారా నెలల తరువాత కూడా అది వెదుక్కుంటూ వస్తుంది, పైన ఆ సంస్థ సేవా రుసుము అదనం.

జాదార్‌లో సముద్రపు అలలే వాయించే వాద్యం ఉంది. రేవు మెట్ల కింద 35 గొట్టాలను అమర్చి 2005లో కట్టారు. అల నెట్టిన గాలి వాటిలోంచి పోతూ స్వరం పుట్టిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన రేవును తరువాత వట్టి కాంక్రీటు గోడగా వదిలేశారు, దాన్ని ఊరివారు కూర్చునే చోటుగా మార్చిన వాస్తుశిల్పి నికోలా బాషిచ్. స్ప్లిత్‌లో రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ 305లో సింహాసనం వదులుకుని తలదాచుకున్న భవనం ఇప్పటికీ జనం కాపురముండే పేటగానే ఉంది. క్రైస్తవులను తీవ్రంగా హింసించిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే తరువాతి కాలంలో ఆ ఊరి ప్రధాన చర్చి అయింది. దాని ముందు ఒడ్డున ఉన్న రీవా అనే విశాలమైన వీథి కూడా నడిచేవారిదే. స్ప్లిత్ రేవునుంచి ద్వీపాలకు కార్లను ఎక్కించుకునే ఓడలున్నాయిగాని, వేసవిలో వాటికోసం గంటలకొద్దీ వరసలో నిలబడేకంటే కారును ఇవతలే ఉంచి మనుషులు మాత్రమే వెళ్లి రావడం మేలు.

స్ప్లిత్ నుంచి దుబ్రోవ్నిక్‌కు పోయే దారిలో భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన చోటు ఒకటుంది. అక్కడ క్రొయేషియా భూభాగం మధ్యలో తెగి, సుమారు 20 కిలోమీటర్ల తీరం బోస్నియా చేతిలో ఉంటుంది. నెయుమ్ అనే ఊరు అక్కడే ఉంది. దానికి కారణం 1699లో కుదిరిన కార్లోవిట్జ్ సంధి. తనకు ప్రత్యర్థి అయిన వెనిస్‌తో నేరుగా భూసరిహద్దు ఉండకూడదని, దుబ్రోవ్నిక్ గణరాజ్యం తన అంచున ఉన్న ఈ తుంపును తుర్కులకు వదిలిపెట్టింది. ముగ్గురూ చరిత్రలో కలిసిపోయారుగాని, వారు గీసిన గీత మిగిలింది. బోస్నియా షెంగెన్ దేశం కాదు కనుక, ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసాతో ఆ ఊళ్లోకి వెళ్తే షెంగెన్ ప్రాంతంనుంచి బయటికి పోయినట్లే లెక్క. తొమ్మిదో పదో కిలోమీటర్లు దాటి అవతల మళ్లీ క్రొయేషియాలో అడుగుపెట్టడానికి ఆ వీసా చెల్లదు. ఇప్పుడు ఈ గండం తప్పించడానికి పెల్యెషాత్స్ వంతెన ఉంది. 2,404 మీటర్ల పొడవైన ఆ తీగల వంతెనను 2022 జులై 26న తెరిచారు. ఖర్చులో పెద్ద భాగం ఐరోపా సమాఖ్య భరించింది, నిర్మించినది చైనా సంస్థ. ఆరు స్తంభాలనుంచి తీగలు ఒకే వరసలో, నడిమధ్యనుంచి దిగుతాయి. బోస్నియా రేవుకు ఓడలు పోవడానికి వీలుగా దానిని సముద్రమట్టానికి 55 మీటర్ల ఎత్తున కట్టవలసి వచ్చింది. వంతెనలు కట్టినవాడిగా అక్కడ ఎంతసేపు నిలబడ్డానో మావాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. కొన్ని దారిచూపే యాప్‌లు దగ్గర దారి కదా అని నేటికీ నెయుమ్ మీదుగా పొమ్మని చెప్పవచ్చు. దానిని నమ్మకుండా ప్లోచె దాటాక వంతెన వైపు తిరగాలి. దుబ్రోవ్నిక్ అవతల మోంటెనెగ్రోలో ఉన్న కోతోర్ అఖాతం కూడా చాలామందిని ఊరిస్తుంది. అదీ షెంగెన్ కాదు, అక్కడికి అద్దె కారు తీసుకుపోవాలంటే ఆ సంస్థ రాతపూర్వకమైన అనుమతి కూడా ఉండాలి.

వంతెన దిగాక స్తోన్ అనే చిన్న ఊరు వస్తుంది. దుబ్రోవ్నిక్ పాలకులు తమ ఉప్పు మడులను కాపాడుకోవడానికి కొండ మీదుగా సుమారు ఐదున్నర కిలోమీటర్ల గోడ కట్టారు. దుబ్రోవ్నిక్ కోట గోడ 1,940 మీటర్లు. ఉప్పుకు కట్టిన గోడ ఊరికి కట్టిన గోడకంటే పెద్దదన్నమాట. ఆ గణరాజ్యపు ఆదాయం దేనిమీద నడిచిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

దుబ్రోవ్నిక్ గురించి పొగడ్తలే గాని హెచ్చరికలు మన పత్రికల్లో తక్కువగా కనిపిస్తాయి. అది అందమైన నగరమనడంలో సందేహం లేదు. 1667 భూకంపంలో కూలి మళ్లీ లేచింది, 1991 చివర మొదలైన ముట్టడిలో ఫిరంగి గుండ్లకు ఇళ్ల కప్పులు పగిలితే మళ్లీ నేయించుకుంది. కోట గోడ మీద నడుస్తూ కిందికి చూస్తే పాత పెంకుల వెలిసిన రంగునూ, కొత్త పెంకుల ఎర్రదనాన్నీబట్టి ఎన్ని ఇళ్లు దెబ్బతిన్నాయో తెలుస్తుంది. కానీ ఇప్పుడు ఆ నగరాన్ని చుట్టుముట్టినవారు సందర్శకులు. పెద్ద విహార నౌకలు ఒకేసారి రెండుకు మించి రాకుండా నగరపాలకులు పరిమితి పెట్టుకోవలసి వచ్చింది. ఇళ్లను రోజువారీ అద్దెలకు ఇచ్చుకుని సొంతదారులు బయటికి వెళ్లిపోవడంతో గోడల లోపల కాపురముండేవారు ఏటేటా తగ్గిపోతున్నారు. అటువంటి ఊళ్లోకి కారుతో పోయి, పీలె ద్వారం దగ్గర చోటుకోసం గంట తిరిగి, గంట చొప్పున పెద్ద మొత్తం చెల్లించి, రెండు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరగడం వల్ల మనకూ సుఖం లేదు, వారికీ లేదు. గ్రూజ్ రేవు ప్రాంతంలోనో, ఇంకా ఇవతల ఏదైనా పల్లెలోనో దిగి, బస్సులో పోయి, నౌకలవారు వెనుదిరిగిన సాయంత్రం వేళ చూడడం సరైన పద్ధతి.

తెలుగు కుటుంబాలకు తిండి విషయంలో ఈ తీరం చాలా అనువైనది. హోటళ్లకంటే వంటగది ఉన్న అద్దె ఇళ్లే ఎక్కువ. చిన్న ఊళ్లలో కూడా ఇంటి ముందు బోర్డులుంటాయి. బియ్యం, కూరగాయలు, పెరుగు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. శాకాహారులు బయట తినవలసి వస్తే బంగాళాదుంపతో వండిన ఆకుకూర బ్లిత్వా, జున్ను పెట్టిన బూరెక్, పిజ్జా ఉన్నాయి. పొడులూ పచ్చళ్లూ తీసుకుపోవడానికి అడ్డేమీ లేదుగాని, నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలనూ మాంసం పచ్చళ్లనూ ఐరోపా సమాఖ్యలోకి మన దేశంనుంచి తీసుకుపోరాదు. విమానాశ్రయంలో పట్టుకుంటే పారేస్తారు. మరొక చిన్న మాట. అక్కడి ఒడ్డు ఇసుక కాదు, గులకరాళ్లు, బండలు, వాటి సందుల్లో ముళ్ల జీవులు. రబ్బరు చెప్పులు వేసుకుని నీళ్లలో దిగాలి. అలలు తక్కువే గాని రెండడుగుల్లోనే లోతు వస్తుంది.

ఈ ప్రయాణాన్ని చదివి ఊరుకోకుండా మన తీరానికి అన్వయించుకోదగిన చోటు ఒకటుంది కనుక ప్రస్తావిస్తాను. విశాఖపట్నం నుంచి భీమిలి దాకా ఉన్న రోడ్డు, పక్కన ఎర్రమట్టి దిబ్బలతో, మత్స్యకారుల పల్లెలతో, దారి కొసన డచ్చివారి సమాధులున్న పాత రేవుపట్టణంతో, ఏ మాగిస్త్రాలాకూ తీసిపోని దారి. విశాఖలో ఉదయం కొన్ని గంటలు బీచ్ రోడ్డు మీద బండ్లను ఆపి నడిచేవారికి వదిలిపెట్టడం నగరవాసులకు ఎంత నచ్చిందో చూస్తూనే ఉన్నాం. భీమిలిలో మాత్రం ఆదివారం సాయంత్రం కార్లు ఇసుక అంచుదాకా వచ్చి ఆగుతాయి. వలలు ఆరబెట్టుకునేవారికీ, నడిచేవారికీ చోటుండదు. రోడ్డును ఇంకా వెడల్పు చేయాలని అందరూ కోరతారు. నా సర్వీసులో నేనూ ఎన్నో రోడ్లు వెడల్పు చేశాను. చేసిన ప్రతి చోటా అది మళ్లీ కార్లతోనే నిండింది. ఊరి మొగదలలో ఒక పార్కింగు స్థలం, అక్కడినుంచి రేవుదాకా పావుగంటకొక చిన్న బస్సు ఏర్పాటుచేసి, సెలవు రోజుల్లో సాయంత్రం వేళ మాత్రమే లోపలికి బండ్లను ఆపి చూడమని మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పిరాన్‌లో చేసినట్టు ముందు ఏర్పాటు, ఆ తరువాతే నిషేధం.

మీ పర్యాటక విభాగంవారికి ఒక మనవి. ఇటువంటి వ్యాసాల చివర దూరాలు, పెట్రోలు ఖర్చు, చూడవలసిన స్థలాలు ఒక పెట్టెలో వేస్తున్నారు. అదే పెట్టెలో ఒక్కొక్క ఊరికి బయటి పార్కింగు పేరు, అక్కడినుంచి బస్సు ఉందో లేదో, ఆ దారిలో షెంగెన్ కాని దేశం తగులుతుందో లేదో కూడా వేయండి. దుబ్రోవ్నిక్ పేరు ఉన్న ప్రతిసారీ నెయుమ్ పేరు కూడా ఉండాలి. సెప్టెంబరులో సముద్రపు నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, శనివారం వరసలు తగ్గుతాయి, ఇళ్ల అద్దెలు దిగివస్తాయి. ఆ నెలలో వెళ్లదలచినవారు వీసా దరఖాస్తుకు వేసవి మొదట్లోనే తేదీ చూసుకోవాలి కనుక, ఈ వివరాలను మే నెలలోగా ప్రచురిస్తే వారికి ఉపయోగపడతాయి.

భవదీయుడు,
విశ్రాంత ఇంజనీరు,
విశాఖపట్నం